ఇందూరువారి దూరపు ముచ్చట్లు

ఒక ఊరు రాజునకు ఎంత పన్ను కట్టెనో చెప్పు శాసనములు దొరకును. ఏ యేట ఎంత పంట పండెనో చెప్పు దస్తరములు దొరకును. కాని ఆ ఊరివారు దినమంతయు పనిచేసి, రాత్రి తిని, ఒకచోట కూడి, ఏ మాటకు నవ్విరో, ఎవనిని ఏ పేరుతో వెక్కిరించిరో తెలుపు కాగితము మాత్రము ఎక్కడను దొరకదు. నిజామాబాదు ప్రాంతమునుండి గల్ఫు దేశములకు పోయినవారిని గూర్చి యీ యేబది యేండ్లలో వెలువడిన వ్రాతలలో అధికభాగము అప్పులను, ఏజెంట్ల మోసములను, శవపేటికలను గూర్చినవి. అవి వ్రాయవలసినవే. ఐనను ఆ మనుష్యులే పని ముగించుకొని, పలువురు పండుకొను గదిలో పై మంచముమీదనో క్రింది మంచముమీదనో మేను వాల్చి, ఊరిలోని చెలికాండ్రతోను, వేరొక దేశమున నున్న ఊరివారితోను ప్రతిరాత్రియు ఆడుకొను పనిలేని ముచ్చటకును ఒక చరిత్ర కలదు. అది చాలవరకు మాటయొక్క వెలను గూర్చిన చరిత్ర. మాట ప్రియముగా నున్నంతకాలము ఊరు పరదేశమున నున్న తన బిడ్డతో అవసరములే మాటలాడెను. అది చౌకయైన పిదపగాని వానిని తనవానిగా నెంచి తిట్టుటకు, ఎగతాళి చేయుటకు దానికి వీలు చిక్కలేదు.

ఈ సీమలో ముచ్చటకు కొదువ యెన్నడును లేదు. నిజాము పేరు తగిలించుకొని నిజామాబాదైన ఇందూరిలో ఇరానీ హోటళ్ల బల్లలు, పల్లెలలో గ్రామచావిడి, కల్లు దుకాణము, సంతదారి, చెరకు నరికిన దినములలో బోధను ఫ్యాక్టరీకి తోలిన బండ్లు కాంటా కొరకు బారులు తీరి నిలిచెడి శీతకాలపు రాత్రులు, ఇవన్నియు వాక్కునకు స్థానములే. బోధనులో తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడును వీధిలో నడచును. ఒకే వాక్యమున మూడింటిని కలిపి మాటలాడువానిని అచ్చట ఎవరును వింతగా చూడరు. ఇందూరు కోటలోని జైలులో సైతము 1948 ప్రాంతమున దాశరథి కృష్ణమాచార్యులును, వట్టికోట ఆళ్వారుస్వామియును బందీలై యుండి బొగ్గుతో గోడలపై పద్యములు వ్రాసి నవ్వుకొనిన వృత్తాంతమును తెలుగువారందరు ఎరుగుదురు. ఆ జైలు ముచ్చటలు సాహిత్యమయ్యెను గనుక నిలిచినవి. బండ్లవారి ముచ్చటలు నిలువలేదు.

నేడు వలసల జిల్లాగా పేరుపడిన యీ ప్రాంతము మొదట పరులను తనలోనికి పిలిచిన ప్రాంతమని మరచుచుందుము. 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగరు నిర్మాణము, నవాబు అలీ నవాజ్ జంగు బహాదరు పర్యవేక్షణమున మంజీరానదికి అడ్డుకట్ట వేసి, అంతవరకు వానకు ఎదురుచూచిన నేలను చెరకు, వరి పండు మాగాణిగా మార్చెను. కాలువ నీరు చూచి కృష్ణా గుంటూరు జిల్లాల రైతులు బండ్లు కట్టుకొని వచ్చి, వర్ని, కోటగిరి, బోధను పరిసరములందు భూములు కొని, గుడారములు వేసికొనిన తావులు క్యాంపులను పేరుతోనే నేటికిని ఊళ్లై యున్నవి. 1937లో నిజాము చక్కెర ఫ్యాక్టరీ స్థాపింపబడి, బోధను ప్రక్కన శక్కరునగరు వెలసెను. ఆ యేడే నిజామాబాదులో ఆరవ ఆంధ్రమహాసభ జరిగెను. ఒకచోట తెలుగు మాటకు గౌరవము కావలెనని పెద్దలు తీర్మానములు చేయుచుండగా, కొంత దూరమున ఫ్యాక్టరీ ద్వారముకడ నానాదేశపు కూలీలు నానాభాషలలో ఒకరినొకరు ఆటపట్టించుకొనుచుండిరనుకొనిన, రెండవది మొదటిదానికంటె తక్కువ విషయమని నాకు తోచదు. క్యాంపుల రైతులు "అట్లాగండీ" యన్నప్పుడెల్ల ఇచ్చటివారు నవ్వుటయు, ఇచ్చటివారు "గట్లనే" యన్నప్పుడెల్ల వారు నవ్వుటయు అనతికాలముననే అలవాటయ్యెను. పెండ్లిసంబంధములు వెదకుకొనుటకు, వడ్ల ధర తెలిసికొనుటకు వారు తీరమునకు వ్రాసిన కార్డులే యీ నేలపై పుట్టిన మొదటి దూరపు ముచ్చటలు కాబోలు.

పిదప ప్రవాహము తిరుగబడెను. నిజాం రాజ్యపు తెలుగు కూలీలు, కామాఠీలని పిలువబడినవారు, పందొమ్మిదవ శతాబ్దమునుండియే బొంబాయికి కట్టడపు పనులకు పోయి, కామాఠీపురా యను పేటకు తమ పేరిచ్చియుండిరి. మగ్గములు మూలపడిన పద్మశాలీలు భివండీ, షోలాపూరు మరమగ్గములకు తరలిరి. "బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి" అని మూడు ముక్కలలో ఉత్తర తెలంగాణపు బ్రదుకంతయు ఇమిడించి చెప్పెడి మాట ప్రత్యేక తెలంగాణోద్యమకాలమున ఊరూర వినబడెను. మూడవ బాయి 1973 తరువాతిది. ఆ యేటి అరబ్బు-ఇజ్రాయెలు యుద్ధము పిదప చమురు ధర నాలుగింతలై, అరబ్బు దేశములు ఇసుకలో నగరములు కట్ట నారంభింపగా, మట్టి, ఇటుక, ఇనుపచువ్వ మోయగల చేతుల అవసరము పడెను. ఆర్మూరు, బాల్కొండ, భీంగల్లు, కమ్మరుపల్లి, మోర్తాడు, నందిపేట మొదలగు తావులనుండి మొదట ఒకడు, వాని వెంట వాని బావమరది, వాని వెంట ఊరి సగము యువకులు బయలుదేరిరి. మీటరుగేజి బండిలో మన్మాడు చేరి, అచ్చట పెద్దలైను బండి పట్టి బొంబాయి దిగి, వీసా వచ్చువరకు ఏజెంటు చూపిన ఇరుకుగదిలో వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు గడిపెడివారు. 1983లో వలసల చట్టము వచ్చి పాసుపోర్టుపై ముద్రలు, అనుమతులు పెరిగినకొలది ఆ నిరీక్షణ యింకను సాగెను. పరదేశపు స్నేహములలో చాలభాగము దుబాయిలో కాదు, ఆ బొంబాయి గదులలో పుట్టినవని వృద్ధులైన దుబాయివారు చెప్పుదురు. పనిలేదు, చేతిలో డబ్బు లేదు. చాపమీద పడియుండి మాటలాడుట తప్ప వేరు వ్యాపారము లేదు.

ఆ కాలమున ఊరికిని వలసపోయినవానికిని నడుమ నున్న వంతెన ఉత్తరము. పదిపదునైదు దినములకు చేరెడి ఆ యేరోగ్రాము "ఉభయకుశలోపరి" యని మొదలిడి, డ్రాఫ్టు పంపితిననియో పంపబోవుదుననియో తెలిపి, ఎవరికెంత ఈయవలెనో వివరించి, ముసలివారికి నమస్కారములు, పిల్లలకు ముద్దులు పేరు పేరున పంచి ముగిసెడిది. అందులో హాస్యము లేదు. ఉండుటకు అవకాశమును లేదు. ఏలయన వ్రాసినవాడు తరచుగా వేరొకడు. చదివి వినిపించినవాడును వేరొకడు. పరదేశమున కూలీలుండు క్యాంపులో నాలుగక్షరములు వచ్చిన మలయాళీయో, ఏ జగిత్యాలవాడో వానికి ఉత్తరములు వ్రాసిపెట్టును. ఊరిలో బడిపంతులో, తపాలావాడో, పదవతరగతి చదువు మేనల్లుడో పదుగురి నడుమ చదువును. రెండు పరాయి నోళ్లగుండ వచ్చిన ఎకసెక్కెము ఎకసెక్కెముగా మిగులునా? "మన గంగారాం ఇంకా కూర దొంగిలించి తింటున్నడా?" యను ప్రశ్న కల్లుముంత చెంత అమృతతుల్యము, పంతులు గొంతుతో చావిడిలో వినిన అది పంచాయతీకి మూలము. కావున ఉత్తరములో ఊరివాడు బుద్ధిమంతుడైన అన్నగా, బాధ్యతగల కొడుకుగా మాత్రమే కనబడెను. ఇంటివారు వానిని మెల్లమెల్లగ ఆ రూపముననే ఎరుగ సాగిరి. మూడేండ్లకు సెలవుపై వచ్చినప్పుడు వానికి పీట వేసి, మంచినీళ్లిచ్చి, మర్యాదగా మాటలాడెడివారు. ఈ మర్యాదయే వానిని నొప్పించెడిదని నా నమ్మకము. చుట్టమువలె గౌరవింపబడినవాడు ఊరివాడెట్లగును?

తరువాత కాసెట్టు వచ్చెను. సెలవుపై వచ్చినవాడు తెచ్చిన వస్తువులలో సెంటుసీసాలు, టైగర్ బాము, గొంగడివలె మందమైన రంగుల దుప్పట్లు, వాటితోపాటు ‘టూ ఇన్ వన్’ అనెడి రేడియో టేపురికార్డరును ప్రధానము. పాటలు వినుటకు తెచ్చిన ఆ యంత్రము మాట నింపి పంపుటకు గూడ పనికివచ్చునని జనులు త్వరలోనే కనుగొనిరి. అరువది నిమిషముల టేపులో ఒక ప్రక్క ఇంటివారు, రెండవ ప్రక్క స్నేహితులు మాటలాడి, వెళ్లుచున్నవాని చేతికి అందించెడివారు. ఆ టేపులలో తల్లి చెప్పిన క్షేమసమాచారము నాలుగు నిమిషములకు ముగిసెడిది, మిగిలినదంతయు కోడికూత, పొరుగింటి పిల్లల కయ్యము, బీడీలు చుట్టు స్త్రీల చేటలపై కత్తెరల చప్పుడు, మధ్యమధ్య "ఇంకేం చెప్పాలెనే?" యను గుసగుస. ఉత్తరము విడిచిపెట్టిన దానినంతటిని కాసెట్టు పట్టుకొనెను. స్నేహితుల ప్రక్క మరియొక తీరు. అచ్చట మొదటిసారిగా తిట్లు సముద్రము దాటినవి.

ఇది మనవారికే ప్రత్యేకము కాదు. మలబారులో 1970ల చివర ఎస్.ఎ. జమీలు రచించిన దుబాయి ఉత్తరపు పాట కాసెట్టులపై ఇంటింటను మ్రోగెను. భార్య వ్రాసిన లేఖయు దానికి భర్త ప్రత్యుత్తరమును పాటలై అమ్ముడుపోయెను. ఏడెను సింధుశాఖకు ఆవలిదరి సోమాలీలకు కాసెట్టు ఇంతకంటెను గొప్ప సాధనము. వారి భాషకు అధికారికమైన లిపి 1972లోగాని యేర్పడలేదు. కాని వారి పద్యమునకు మన యతిప్రాసలవలె పాదపాదమునను ఒకే అక్షరము రావలెనను నియమము తరతరములుగా కలదు. 1979లో ఒక కవి దకారముపై నడపిన కవితకు మరికొందరు దకారముతోనే బదులు చెప్పగా, ఆ వాదప్రతివాద మంతయు టేపులకెక్కి చేతులు మారెను. 1991లో వారి రాజ్యము కూలి జనులు నైరోబి, లండను, టొరంటో, మినియాపొలిసులకు చెదరినపిదప, టీకొట్ల యెదుట కూర్చుండి గంటలతరబడి వాదించుకొను వారి పాత వ్యసనము ఆ నగరములకు గూడ వెంట వెళ్లెను. యుద్ధమువలన చెదరినవారికిని, అప్పువలన చెదరినవారికిని భేదము గొప్పది; మనవానికి తిరిగివచ్చుటకు ఊరున్నది. ఐనను సాయంకాలము దాపురించినవేళ ఇరువురి నోళ్లును కోరినది ఒక్కటియే.

టెలిఫోను కథ వేరు. 1980ల రెండవ భాగమున పసుపుపచ్చ బల్లలు కట్టిన ఎస్.టి.డి., ఐ.ఎస్.డి. బూతులు ఆర్మూరు, బోధను వీధులలో వెలసెను. ఫోనులేని ఇంటివారు ఊరి కిరాణాదుకాణపు సంఖ్యనో, గొప్పయింటి సంఖ్యనో పి.పి. నంబరుగా పంపెడివారు. దుబాయినుండి గంట మ్రోగును. దుకాణదారుడు "అయిదు నిమిషాలకు మల్ల చెయ్యి" యని పెట్టివేయును. ఒక పిల్లవాడు పొలమునకో బావికడకో పరుగెత్తును. తల్లి చేతులు తుడుచుకొనుచు వచ్చి నిలుచును. మరల గంట మ్రోగును. అటుపై నడచిన సంభాషణము మూడు ప్రశ్నలు. "మంచిగున్నవా కొడుకా? తిన్నవా? ఎప్పుడొస్తవు?" అటునుండి మూడు జవాబులు. మిగిలిన కాలమంతయు ఒకరి యేడుపు ఒకరు వినుటకే చెల్లిపోయెడిది. నిమిషమునకింత యని మీటరు ఎఱ్ఱని అంకెలలో పరుగెత్తుచుండగా హాస్యము పుట్టదు. హాస్యమునకు నడుమ నడుమ మౌనము కావలెను. వెలగట్టిన మౌనమును భరింపగలవాడు క్యాంపులలో లేడు. ఈ విధముగ సాంకేతికముగ ముందడుగైన టెలిఫోను ముచ్చట విషయమున కాసెట్టుకంటె వెనుకడుగయ్యెనని చెప్పినచో ఇంజనీర్లు నవ్వుదురుగాని, ఆ కాలపువారు ఒప్పుకొందురు.

1990 ఆగస్టు 2న ఇరాకు సైన్యము కువైటులో ప్రవేశించినప్పుడు ఆ మూడు ప్రశ్నలకు సైతము జవాబు రాని దినములు వచ్చెను. లైనులు తెగిపోయెను. ఎడారి దాటి జోర్డాను చేరిన భారతీయులను ఎయిరిండియా విమానములు అమ్మానునుండి తీసికొనివచ్చెను. అట్లు వచ్చినవారు సుమారు 1,70,000 మంది. సంచి లేక, జీతము లేక దిగినవారు కొంతకాలమునకు మరల బయలుదేరిరి. ఏమి చేయుదురు? అప్పు వడ్డీ యుద్ధము జరుగుచున్నదని ఆగదుకదా.

2000 తరువాత సెల్‌ఫోను క్యాంపులోనికి వచ్చెను. మొదట అదియు పొదుపు యంత్రమే. ఒక గంట మ్రోగించి ఆపినచో "చేరితిని" యనియు, రెండు గంటలైన "డబ్బు పంపితిని" యనియు సంకేతములు ఏర్పరచుకొని, పైసా ఖర్చు లేకుండ కంపెనీలను మోసగించిన ఆ తెలివిని తలచినప్పుడెల్ల నాకు ముచ్చటవేయును. శుక్రవారము సెలవుదినమున కార్డు గీకి, అంకెలు నొక్కి, ఊరిలోని పదిమందిని వరుసగా పలుకరించు అలవాటు అప్పుడే పుట్టెను. 2008లో శంషాబాదు విమానాశ్రయము తెరవబడి బొంబాయి మజిలీ తగ్గెను. ప్రయాణము సులువైనదిగాని, ఆ ఇరుకు గదుల స్నేహములు ఆ మేరకు అంతరించెను. ఒకటి వచ్చినప్పుడు ఒకటి పోవుట వింత కాదు.

అటుపై ఐమో, వాట్సాపు యాపులు. సంయుక్త అరబ్బు ఎమిరేట్సులో వాట్సాపు ద్వారా మాటల కాలు చేయుటకు అనుమతి లేనందున, మనవారు చిరకాలము ఐమోను, తరువాత డబ్బు కట్టి బోటిమును ఆశ్రయించిరి. సందేశములకు మాత్రము వాట్సాపునకు అడ్డు లేదు. 2013లో వాట్సాపున గొంతు సందేశములు వచ్చుటతో వ్రాయరానివాడు వ్రాయువాని దయకొరకు ఎదురుచూడవలసిన యుగము ముగిసెను. కాసెట్టే తిరిగి పుట్టెను. పుట్టినది గంట టేపుగా గాక పది క్షణముల తునకలుగా పుట్టెను. 2016లో జియో వచ్చి ఊరివైపు డేటా ధర పడిపోగా, ఊరి చివరి పశులకాపరి సైతము ఆ తునకలు వినుటకును విసరుటకును అర్హుడయ్యెను. దుబాయిలో సోనాపూరు, అబుదాబిలో ముసఫ్ఫా, ఖతరులో సనయ్యా, రియాదులో బత్తా, ఊరిలో చావిడి అరుగు, ఈ అయిదు చోట్లును ఒకే అరుగుగా కలిసెను.

ఆ అరుగున జరుగుదానిని కొంచెము వినవలెను. దుబాయిలో రాత్రి తొమ్మిదైన ఊరిలో పదిన్నర. కువైటు, సౌదీవారు ఇంకొక గంట వెనుక. కావున ఊరివాడు నిద్రకు జోగుచుండగా సౌదీవాడు అప్పుడే కూర పొయ్యిపై పెట్టును. వేసవిలో ఎమిరేట్సు ప్రభుత్వము జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నము 12:30 మొదలు 3 గంటలవరకు ఎండలో పని నిషేధించినందున, ఆ వేళ ఇంకొక కొలువు తీరును. మొదటి పలుకు ఎప్పుడును ఒకటే.

"ఏం మామా, తిన్నవా?"

"తిన్న."

"ఏం కూర?"

"నీ పెండ్లిల మిగిలిందే, ఇంకా నడుస్తున్నది."

ఒకడు మెరయుచున్న కారును ఆనుకొని నిలిచిన తన పటము పంపును. తక్షణమే ఊరినుండి ప్రశ్న: "ఎవని బండిరా బావా?" వాడు: "నాదే." వీడు: "అద్దంల కఫీలు మొకం కనవడుతున్నది, జర పక్కకు జరగమను." పటము పంపినవానికి మరల కొన్ని దినములవరకు కఫీలే, అనగా వీసా యిచ్చిన అరబ్బు యజమానియే, పేరు. బోధనువారి మాట ఉర్దూలోనికి జారును. "క్యా మియా, బోధన్‌మే బారిష్ హుయీ క్యా?" యని జెద్దానుండి ఒకడడిగిన, "హౌ, తుమారే ఘర్‌మే జ్యాదా హుయీ" యని జవాబు. పైకప్పు కురియుచున్నదని తెలుపుటకు, డబ్బు పంపుమని హెచ్చరించుటకు ఇంతకంటె సుకుమారమైన త్రోవ ఏ ఉత్తరములోను కనబడలేదు. పసుపు అమ్మకపు కాలమున నిజామాబాదు మార్కెటుయార్డు ధర, వానకాలమున శ్రీరామసాగరు నీటిమట్టము, గేట్లెత్తిరా లేదా యను వాదము, ఎన్నికల కాలమున బోధను ఫ్యాక్టరీ తెరుతురా లేదా యను పందెములు. 2002లో ప్రైవేటు భాగస్వామ్యమునకు పోయి 2015 చివర మూతపడిన ఆ ఫ్యాక్టరీ మాట వచ్చినచో మాత్రము, తండ్రులు అందులో పనిచేసిన కుర్రవాండ్రు కొంచెము సేపు వేళాకోళము మానుదురు. పిదప ఎవడో "తెరిస్తే నేనే మొదలు వస్త, మేనేజరు పోస్టు ఆపి పెట్టుండ్రి" యనును; మరల నవ్వు. భాషయందును అరబ్బు మాటలు దొర్లును. ఎవడైన అతిగా గొప్పలు చెప్పిన, పట్టించుకొనవద్దనుటకు ఖతరులోనివాడు "ఖల్లివల్లి" యనును. ఊరు దాటని ముసలివారు గూడ నేడు గేదె పాలీయకున్న "ఖల్లివల్లి" యనుచున్నారు.

వెక్కిరింతలో దయ ఎంత కలదో, దాపరికమును అంతయే కలదు. జీతము మూడునెలలుగా రాలేదని గ్రూపులో ఎవడును చెప్పడు. "కంపెనీ జర టైట్ ఉన్నది" యను ఒక్కమాట అందరికిని అర్థమగును, తరువాత ఎవడో ఏకాంతముగా కొంత సొమ్ము పంపును, గ్రూపులో మరల కూరముచ్చట. 2007లో ఎమిరేట్సు క్షమాభిక్ష ప్రకటించి పత్రములు లేనివారిని ఇండ్లకు పంపినప్పుడు, వీసా లేక యేండ్లతరబడి దాగియున్నవారెందరో తమ ఊరివారికి సైతము ఆనాడే తెలిసెను. ఏండ్లపాటు ఫోనులో "మంచిగున్న" యనినవారే వారు. నవ్వులలో వినబడనిదానిని వినుటకు అలవాటుపడిన చెవి కావలెను. భార్యలకు ఆ చెవి కలదు. బీడీలు చుట్టుచు కూడిన స్త్రీల గుంపునకు మగవారి గ్రూపులో చోటులేదు. ఐనను ఎవని గొంతులో ఏ రాత్రి తేడా కలదో వారే మొదట పసిగట్టుదురు, మరునాటి ఉదయము ఆకులు కత్తిరించుచు ఒకరితోనొకరు చెప్పుకొందురు. తునికాకు చేటచుట్టు నడచు ఆ ముచ్చటలు మగవారివానికంటె పదునైనవని నేను విన్నంతవరకు చెప్పగలను. అందులో భర్తలకు పెట్టిన పేర్లు ఇచ్చట వ్రాయదగినవి కావు.

ఇటీవల ఒక చిక్కు వచ్చిపడెను. నిజామాబాదు పల్లెలలో గ్రామాభివృద్ధి కమిటీలని, పంచాయతీకి వెలుపల, ఊరి పెద్దలు నడపు సంఘములు బలవంతమైనవి. గుడి కట్టుటనుండి కల్లు వేలమువరకు, తగవు తీర్చుటనుండి జరిమానావరకు వారి మాట చెల్లును. గుడి చందాలు దుబాయినుండి వచ్చుననెడి నిజమును గ్రహించిన ఆ పెద్దలు కుర్రవాండ్ర గ్రూపులలో తామును చేరిరి. ప్రతి ఉదయమును దేవుని పటము, తరువాత చందా జాబితా, ఎవడెంత యిచ్చెనో, ఎవడింకను ఈయలేదో పేరుపేరున. సోనాపూరు మౌనము వహించెను. కొన్ని వారములపాటు నమస్కారపు బొమ్మలు తప్ప మరేమియు కదలలేదు. ఆ తరువాత ఒకడు కొత్త గ్రూపొకటి తెరచి, పెద్దలను విడిచి, తన యీడువారిని మాత్రమే చేర్చెను. అందులో మొదటి సందేశము "తిన్నవా?" రెండవది, పాత గ్రూపులో కమిటీ అధ్యక్షుని గొంతును అనుకరించి చందా అడిగిన పది క్షణముల తునక. దానిని విని అయిదు దేశములలో నవ్వుచుండగానే తెలియవచ్చినదేమనగా, చేర్చినవారిలో ఒకడు ఆ అధ్యక్షుని అల్లుడు. పిల్లనిచ్చిన మామకు దానిని అప్పుడే పంపియుండెను కూడ.